బంతి పట్టుకుని నిలబడేవాడు

1953 నవంబరు 3, మంగళవారం

డాక్టరు నా మోకాలు నొక్కి చూసి, రోజూ ఏదో ఒకటి రాసుకో, కోపం తగ్గుతుంది అన్నాడు. మోకాలికీ కోపానికీ ఏం సంబంధమయ్యా అని అడగబోయి ఊరుకున్నాను.

నా పేరు ఎమిల్ జూపన్. చదివేవాళ్ళెవరూ లేరు, అయినా పేరు రాశాను. ముప్ఫై ఆరేళ్ళు. మారెన్ ఫాల్స్ బాస్కెట్‌బాల్ జట్టులో ఇది నా తొమ్మిదో సీజన్. అమ్మ పోయాక నాకంటూ ఉన్నది ఈ ఎనిమిదిమంది ఆటగాళ్ళే. వాళ్ళలో సగంమందికి నేను ఎక్కడ ఉంటానో కూడా తెలియదు.

నవంబరు 8

మొదటి ఆట. గెలిచాం, 71–68.

మా హాలులో నేల కింద మంచు ఉంటుంది. వారంలో నాలుగు రోజులు అక్కడ హాకీ. మా ఆట ఉన్నరోజు మంచు మీద చెక్కలు పరుస్తారు. సందుల్లోంచి చెమ్మ పైకొస్తుంది. ఎక్కడ కాలు జారుతుందో నాకు తెలుసు, బయటి జట్లవాళ్ళకి తెలియదు.

ఆఖరి నాలుగు నిమిషాలు బంతి నాకిచ్చారు. కోచ్ బ్రేడీ పక్కనుంచి, ఎమిల్, ఇంక దుకాణం కట్టెయ్ అని అరిచాడు. అదే నా పని. మనం ముందున్నప్పుడు బంతి అవతలివాళ్ళకి దక్కకపోతే వాళ్ళు గెలవలేరు. ఇన్ని నిమిషాల్లో బుట్టలో వెయ్యాలని ఏ రూల్లోనూ లేదు. అందుకని వాళ్ళకి వీపు పెట్టి, బంతి నేలకి కొట్టుకుంటూ తిరుగుతూనే ఉంటాను. వాళ్ళు ఈగల్లా ముసురుతారు. గడియారం దాని పని అది చేసుకుపోతుంది.

జనం ఈలలు వేశారు, మా ఊరి జనమే. ముందు వరసలో ఒకావిడ మాత్రం తల వంచుకుని ఊలు అల్లుకుంటోంది. బూడిద రంగు ఊలు. పోయినేడాది కూడా ఆ సీటులోనే చూశాను.

నవంబరు 19. ఉదయం 7, ట్రైన్‌లో

లియో నా భుజం మీద పడి గురక పెడుతున్నాడు. లియో హావ్‌లిక్. బయట ఊళ్ళకి వెళితే ఆరేళ్ళుగా ఇద్దరిదీ ఒకే గది. వాడు హోటల్ చేరగానే ముందు కూతుళ్ళిద్దరికీ కార్డులు రాస్తాడు. తరవాత నన్ను వరండాలోకి లాగి, ఏదీ, బంతి నా నుంచి కాపాడుకో చూద్దాం అంటాడు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా వాడికి బంతి దొరకలేదు.

నిన్న మాత్రం ఆయాసపడుతూ గోడకి ఆనుకుని ఒక మాట అన్నాడు. ఒరేయ్, నువ్వు కుడివైపు తిరిగే ముందు ఊపిరి బిగబడతావురా. వినబడుతుంది. నేను కాబట్టి సరిపోయింది, ఇంకోడైతే నిలువునా దోచేసేవాడు. అబద్ధం, కోతలు కొయ్యకు అన్నాను. నవ్వాడు. తరవాత గమనించుకున్నాను. నిజమే.

డిసెంబరు 6

కొత్త కుర్రాడు వెర్నన్ వచ్చాడు. ఇరవై రెండేళ్ళు. ఒంటిచేత్తో గాల్లోకి ఎగిరి బంతి వేస్తాడు. మా కాలంలో రెండు కాళ్ళూ నేలమీద ఆనించి, రెండు చేతులతో వెయ్యకపోతే కోచ్ తిట్టి బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. వీడు ఎగిరితే జనం కూడా కుర్చీల్లోంచి ఎగురుతున్నారు.

నన్ను తాతా అంటున్నాడు. మంచి కుర్రాడే. తాతా, బంతి ఒకసారి మాకూ ఇస్తే పోదా, మేమూ ఆడుకుంటాం అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. స్నానం చేస్తుంటే ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు.

డిసెంబరు 25

రై రొట్టె, సాసేజ్, ఒక్కడినే. లియో వాళ్ళింటికి రమ్మన్నాడు. జలుబు అని చెప్పాను. జలుబు లేదు.

1954 జనవరి 10

ఈ రోజు పదకొండు నిమిషాలు పట్టుకున్నాను. పదకొండు! 31–28 దగ్గర మొదలుపెడితే 34–30 దగ్గర ఆట అయిపోయింది. ముందు వేరుసెనగ తొక్కలు పడ్డాయి. తరవాత కమలాపండ్లు. ఒకాయన పేపరు విప్పి చదువుకోవడం మొదలెట్టాడు. ఆట అయ్యేసరికి హాలు సగం ఖాళీ.

గెలిచాం కదయ్యా, ఇంకేం కావాలి అన్నాడు బ్రేడీ, కానీ నా మొహం వంక చూడకుండా అన్నాడు. జట్టు యజమాని మాత్రం సూటిగానే చెప్పాడు. జూపన్, నువ్వు బాగానే ఆడతావు, చూడ్డానికే ఓపిక ఉండాలి అన్నాడు.

ఒంటిమీద కమలాపండు రసం ఇంకా వాసనేస్తోంది. నాకు తెలిసిన పని ఇదొక్కటే. దీన్ని నాకంటే బాగా చేసేవాడు ఈ లీగ్‌లో లేడు. ఆ మాట నేను తప్ప ఎవరూ అనరు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

జనవరి 15

లియోని కెట్‌నర్ జట్టుకి ఇచ్చేశారు. వాళ్ళ దగ్గర్నుంచి ఒక పొడుగువాణ్ణి తెచ్చుకుంటున్నారట.

జనవరి 16. ఉదయం 9

స్టేషన్‌కి వెళ్ళాను. లియో పెట్టె మీద కూర్చుని షూ లేసులు కట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు. ఏరా, నువ్వు లేకుండా ఎలా బతకాలిరా, గురకపెడితే ఎవడు తంతాడు అన్నాడు. నేను వాతావరణం గురించి ఏదో అన్నాను. ట్రైన్ కదిలాక చెయ్యి ఊపాను. అప్పటికే వాడు అవతలి కిటికీ వైపు వెళ్ళిపోయాడు.

జనవరి 22

పొడుగువాడు రానేలేదు. మడమ విరిగిందట. తొమ్మిదిమందిమి మిగిలాం. గదికి ఇద్దరు చొప్పున వేస్తే ఒకడు మిగులుతాడు. బ్రేడీ లిస్టు చదువుతుంటే నా పేరు వస్తుందని ముందే తెలుసు. పెద్దవాడివి, నీకు విశ్రాంతిగా ఉంటుందిలే అన్నాడు.

రెండు మంచాల గది ఇచ్చారు. రెండో మంచం మీద నా కోటు పరిచాను.

జనవరి 30

గెలిచాం. పొద్దుటినుంచి ఎవరితోనూ మాట్లాడలేదు.

ఫిబ్రవరి 4

మంచు.

ఫిబ్రవరి 13

ఊలు అల్లే ఆవిడ ఈ రోజు రొట్టెల దుకాణంలో కనబడింది. నా వెనకే వరసలో నిలబడి ఉంది. పలకరించాలా వద్దా అని తేల్చుకునేలోగా తనే పలకరించింది. మిసెస్ టోర్వాల్. మేజోళ్ళ మిల్లులో పని. భర్త లేడు. ఆటంటే ఏమిటో తెలియదట. మరి ఎందుకొస్తారండీ అని అడిగాను. ఇంట్లో కూర్చుంటే గోడలే కదండీ, అక్కడైతే మనుషులుంటారు అంది.

తరవాత ఇంకో మాట అంది. మీ చేతిలో బంతి ఉంటే చాలా సుఖమండీ, ఎవరూ గభాలున లేవరు, నా మోచెయ్యి కదపరు, ఒక్క కుట్టు కూడా తప్పదు అంది.

ఇంటికొచ్చాక అద్దంలో చూసుకుంటే ఇంకా నవ్వుతూనే ఉన్నాను. తొమ్మిదేళ్ళలో నా ఆట బాగుందని చెప్పింది ఈవిడే. ఆట ఏమిటో తెలియకపోతే ఏం.

మార్చి 2

సీజన్ అయ్యాక లీగ్ పెద్దలంతా కూర్చుని కొత్త రూల్ పెడతారని పేపర్లో వేశారు. బంతి దొరికినవాడు ఇన్ని సెకన్లలో బుట్ట మీదికి వెయ్యాలట. లేకపోతే బంతి అవతలివాళ్ళది. వెర్నన్ ఆ ముక్క కత్తిరించి నా అల్మరా తలుపుకి అంటించాడు. సరదాకే చేశాడు. అందరూ వెళ్ళాక మళ్ళీ చదివాను.

ఈ ఏడాది కప్పు తెస్తే నన్ను తీసెయ్యరు. కప్పు తెచ్చినవాణ్ణి ఎలా తీసేస్తారు?

మార్చి 16

మోకాలికి కట్టు. రేపు కప్పు కోసం ఆఖరి ఆట. కెట్‌నర్ మీద. అంటే లియో మీద.

మార్చి 18

నిన్న రాయలేకపోయాను.

నలభై సెకన్లు మిగిలాయి. ఒక్క పాయింటు ముందున్నాం, 62–61. బ్రేడీ మామూలుగానే దుకాణం కట్టెయ్ అన్నాడు. బంతి నా చేతిలో ఉంది. మామూలుగా నా మీదికి వచ్చేవాడు వెనక్కి తగ్గాడు, వాడి స్థానంలో లియో వచ్చాడు. వాడు నా మొహం చూడలేదు, బంతీ చూడలేదు. నేల చూస్తూ చెవి నా వైపు పెట్టాడు. నాకు అప్పుడే అర్థం కావాలి.

ఎడమవైపు చెమ్మ ఉంది. కుడివైపు తిరగాలి. ఊపిరి బిగబట్టాను. ఆ పాడు ఊపిరి! తిరిగేసరికి నా చేతిలో ఏమీ లేదు. లియో ఒంటరిగా పరుగెత్తుకుంటూ పోయి బంతి బుట్టలో వేశాడు. మా హాలు, మా జనం. ఓడిపోయాం, 62–63.

తరవాత బట్టలు మార్చుకునే గది గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఎమిల్, నేనేం చెయ్యనురా, ఇద్దరు పిల్లలు, అక్కడ కూడా నన్ను ఉంచుతారో ఊడబెరుకుతారో తెలియదు అన్నాడు. బాగా తీశావు అన్నాను. వాణ్ణి కొట్టాలనిపించింది. పక్కన కూర్చోమనాలనీ అనిపించింది. వాడు వెళ్ళిపోయాడు.

కూడా ఉన్నవాడికి నా గురించి ఏదో ఒకటి తెలియకుండా ఎలా ఉంటుంది? ఆరేళ్ళు.

ఏప్రిల్ 24

రూల్ వచ్చేసింది. ఇరవై నాలుగు సెకన్లు.

ఏప్రిల్ 29

బ్రేడీ కాఫీకి పిలిచాడు. చెంచాతో చాలాసేపు తిప్పాడు. చూడు ఎమిల్, ఆగస్టులో ఈ గడియారంతో ఒక ఆట ఆడి చూస్తాం, అప్పుడు కబురుపెడతాను, మోకాలు జాగ్రత్త అన్నాడు. కబురుపెడతాను అన్నాడు. కాదు అనలేదు.

జూన్ 11

పొద్దున కుర్చీల కార్ఖానాలో వార్నిష్ పని. సాయంత్రం స్కూలు ఆవరణలో ఒక్కడినే. బంతి అందుకోవడం, లోపల లెక్కపెట్టుకోవడం, ఇరవై నాలుగులోపు వెయ్యడం. మొదట్లో పద్దెనిమిదికే కంగారుపడి వేసేసేవాణ్ణి. ఇప్పుడు లెక్క ఒంట్లోకి దిగింది. గడియారం పక్కన పెట్టుకుని చూశాను. ఒక్క సెకను కూడా తేడా రావడం లేదు.

యాభైలో ముప్ఫై ఒకటి పడ్డాయి. ఈ వయసులో! చెప్పుకోవడానికి ఎవరైనా ఉంటే బాగుండును.

ఆగస్టు 5

ఉత్తరం వచ్చింది. పదో తారీఖు ఉదయం రా, నువ్వు కావాలి అని బ్రేడీ చేతిరాత. నాలుగుసార్లు చదివాను. కొత్త లేసులు కొన్నాను. మిసెస్ టోర్వాల్‌కి చెప్పాలనిపించి మిల్లు గేటు దాకా వెళ్ళి, ఏం బాగుంటుందిలే అని వచ్చేశాను.

ఆగస్టు 10

షూ సంచిలోంచి తియ్యనేలేదు.

నాలుగు జట్లనుంచి ఆటగాళ్ళని వేరే ఊరి హాలుకి పిలిచారు. నేను వంగి కట్టు బిగించుకుంటుంటే బ్రేడీ వచ్చి నా అరచేతిలో స్టాప్‌వాచ్ పెట్టాడు. మెడలో ఈల వేశాడు. నీ అంత కచ్చితంగా టైమ్ తెలిసినవాడు ఇంకెవడున్నాడు, ఇరవై నాలుగు కాగానే ఊదెయ్ అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. నేను సరే అన్నాను. ఎందుకు సరే అన్నానో!

సంచి కుర్చీ కింద తోశాను. కొత్త లేసులు బయటికి కనబడుతున్నాయి. కాలితో లోపలికి నెట్టాను.

లియో కూడా వచ్చాడు. చిక్కిపోయాడు. కెట్‌నర్‌లో ఒక్క చోటు మిగిలింది, దానికి వీడూ, కాలేజీనుంచి వచ్చిన ఒక కుర్రాడూ పోటీ అని పక్కవాళ్ళు చెప్పారు. వాళ్ళ కోచ్ కాగితం పట్టుకుని ఎవరు ఎన్ని వేశారో గీతలు గీసుకుంటున్నాడు. ఆట ఆఖరికి బంతి లియో చేతికొచ్చింది. కుర్రాడు వాణ్ణి కదలనివ్వడం లేదు. లియో మోకాళ్ళు కూడా నా మోకాళ్ళలాంటివే. ఇరవై. ఇరవై ఒకటి. ఇంకా దారి దొరకలేదు. ఇరవై మూడు. ఇరవై నాలుగు.

ఈల నా పళ్ళ మధ్యే ఉంది. నేను ఊదలేదు.

ఇరవై ఆరుకి వేశాడు. రెండు చేతులతో, కాళ్ళు నేలమీద ఆనించి, పాత పద్ధతిలో. పడింది. కెట్‌నర్ కోచ్ గీత గీశాడు. వాచ్ ముళ్ళు నేనొక్కణ్ణే చూశాను, ఇంకెవరికీ తెలియలేదు. లియో మాత్రం అక్కడే ఆగిపోయి నా వంక చూశాడు.

నీళ్ళ కుళాయి దగ్గర పట్టుకున్నాడు. నీకు లెక్క తప్పదు కదరా అన్నాడు. మీట బిగుసుకుంది అన్నాను. ఒరే ఎమిల్ అని మొదలుపెట్టి, మొహం మీద నీళ్ళు కొట్టుకున్నాడు. నేను ట్రైన్‌కి టైమైందని వచ్చేశాను. టైమ్ కాలేదు. స్టేషన్లో గంటన్నర కూర్చున్నాను.

ఆగస్టు 21

మా హాలులో గడియారం మీట నొక్కే పని నాకిచ్చారు. బెంచీ పక్కనే చిన్న బల్ల.

అక్టోబరు 31

మొదటి ఆట. 93–90. ఇంత స్కోరు నేనెప్పుడూ చూడలేదు. హాలు కిక్కిరిసింది. అంకెలు అందరికీ కనబడేలా వెలుగుతున్నాయి, కాబట్టి ఎవరికీ నేను ఒక్క సెకనూ ఎక్కువ ఇవ్వలేను. వెర్నన్ ముప్ఫై పాయింట్లు వేశాడు. వెళ్ళేటప్పుడు తాతా, పద, తిందాం అని పిలిచి, నేను బల్ల సర్దేలోపే వెళ్ళిపోయాడు.

మిసెస్ టోర్వాల్ వచ్చింది. ముందువాళ్ళు, వెనకవాళ్ళు లేస్తున్నారు, కూర్చుంటున్నారు, ఆవిడ మీద పడుతున్నారు. ఊలు ఉండ దొర్లి నా బల్ల కిందికి వచ్చింది. తీసి ఇచ్చాను. ఈ రోజు ఒక్క వరస కూడా అల్లలేదండీ అంది.

నవంబరు 21

ఆవిడ సీటులో ఎవరో చుట్ట తాగుతున్నాడు. మూడో ఆట ఇలాగే.

లియో కార్డు రాశాడు. కెట్‌నర్‌లో బాగానే ఉందట. వాడు గురకపెట్టినా కొత్త రూమ్మేట్ తన్నడట, నిద్ర పట్టడం లేదట.

డిసెంబరు 12

వీధి తలుపు నుంచి నా గది తాళం తీసేదాకా ఇరవై రెండు సెకన్లు. రెండు మిగిలాయి. ఆ రెండూ గుమ్మంలోనే నిలబడ్డాను.