కేతిగాడి క్షమాపణ

నాయనా,

ఈరోజు నీ సంవత్సరీకం. మొన్న రాచర్ల దగ్గరి ఊళ్లో ఆటలో, పెద్దల్ని ఎగతాళి చేసి నవ్వించే నీ తోలుబొమ్మ కేతిగాడిని అన్న ఆడించాడు. "మీ కుళాయికన్నా మా ఎద్దు నయం సర్పంచీ, రోజూ ఉచ్చన్నా పోస్తాది" అనిపించాడు. సర్పంచి పడీపడీ నవ్వాడు. "కేతిగాడు నన్ను తిట్టలేదేంది?" అని పెద్దలు నీ మీద అలిగిన ఊరే కదా అది!

ఎవరో తీసిన వీడియో ఫోన్లకెక్కింది. ఆట చూడనివాళ్లంతా ఊరిని అవమానించారని రెచ్చిపోయారు. మర్నాడు సర్పంచి పదిమందితో మనింటికొచ్చాడు.

"నవ్వినానని నన్నూ తిడతన్నారు. ఫోన్‌ వీడియోలో తప్పయిందని చెప్పు. బొమ్మతో గూడా చెప్పించు" అన్నాడు.

అన్న కేతిగాడి తల వంచాడు. నువ్వు నేర్పిన గొంతుతోనే, "తప్పయిపాయె సామీ" అన్నాడు.

కేతిగాడు నోరు తెరిస్తే ఎవరూ నవ్వకపోవడం నేను చూడటం అదే మొదలు.