వాకిట్లో పోయిన కాలువ

మిర్యాలగూడ, 4 ఏప్రిల్ 1949

సూర్యాపేటలో వీధి పెద్ద ఈదమ్మ గారికి, కాలువల ఓవర్సీరు రాజారత్నం నమస్కారాలు.

పై చెరువు నుంచి మీ వీధి మీదుగా దిగువ పొలాలకు పారిన పాత కాలువ పూడిపోయి అరవై ఏళ్లయింది. దాని దారి కనిపెట్టి మళ్లీ తవ్వించాలని మూడు గురువారాలు వచ్చి అంచనాగా సున్నపు గీత గీశాను. మూడుసార్లూ తెల్లారేసరికి మాయం. ఇరవయ్యో తేదీన ఇంజనీరు గారు వస్తారు. ఆలోగా దారి తేలకపోతే పని రద్దు, నా కొలువూ పోయినట్టే. చెరిపేదెవరో దయచేసి తెలుపగలరు.

విధేయుడు, రాజారత్నం

తా.క. మనిషి కాకపోతే ఏ పశువో రాయండి. మా కాగితంలో దానికీ ఒక గడి ఉంది.

సూర్యాపేట, 8 ఏప్రిల్

ఓవర్సీరు సారుకు ఈదమ్మ దండాలు. నేను చెప్తుంటే బడిపంతులు దేవసహాయం రాస్తున్నడు.

చెరిపింది మేమే సారు. గత్తర రోగం రాకుండ సున్నం సల్లిన్రనుకొని మీకు దండం గూడ పెట్టుకున్నం. గని పొద్దున వాకిలి ఊడ్సి పేడనీళ్ల సాంపి సల్లకుంటె ఎట్ల? ఇప్పుడు కాలువ అని తెలిసింది గనుక, ఊడ్సినంక మీ గీత మేమే ఏస్తున్నం. ఒంటి గీత చావింటి ముంగట ఏస్తరు. అందుకని పక్కన ఇంకోటి ఏసినం.

ఇట్లు, ఈదమ్మ

తా.క. (ఇది దేవసహాయం మాట) ఎవరికి వారు గీతను ఎదురింటి వైపు కొంచెం జరుపుతున్నారు.

మిర్యాలగూడ, 15 ఏప్రిల్

ఈదమ్మ గారికి,

నిన్న వచ్చి చూశాను. ఇరవై రెండు ఇళ్లకు ఇరవై రెండు మలుపులు! సుమిత్ర గారి వాకిట్లో కాలువ నడుమ తామరపువ్వులు కూడా ఉన్నాయి. మా కూలీలు ఆ రెండు గీతలే గట్లనుకొని తవ్వితే సైదయ్య గారి కొట్టం గోడ పడిపోయింది. కాలువ మాత్రం దొరకలేదు. ఇక ఐదు రోజులే ఉన్నాయి. చేతులెత్తి మొక్కుతున్నాను, ఏమీ గీయకండి.

రాజారత్నం

తా.క. తామరపువ్వుల నకలు ఒకటి పంపగలరా? మా ఇంట్లో అడుగుతున్నారు.

సూర్యాపేట, 17 ఏప్రిల్

సారుకు దండాలు.

కాలువ ఏడున్నదని మమ్ముల ఒక్కసారన్న అడిగితిరా? ఏసిన ముగ్గు ఏడ నిలువదో గాడనే కాలువ. కింద చెమ్మ ఉంటది, ఎండెక్కక ముందే ముగ్గు కరిగిపోతది. మా అత్త కాలం నుంచి ఆ జాగలు ఇడిసిపెట్టే ఏస్తున్నం. నిన్న ఆడోళ్లమంత కలిసి గా జాగలన్నిట్ల గుంజలు పాతినం. గుంజల వరుస పట్టుకొని పోయి మా వంటింట్ల తవ్వితె కాలువ పాత రాతికట్టు తగిలింది. పోయేది నా వంటిల్లు ఒక్కటే. పోనీయుండ్రి. జల్ది రాండ్రి.

ఈదమ్మ

తా.క. (దేవసహాయం) గుంజలన్నీ మా బడి బెంచీల కాళ్లు.

మిర్యాలగూడ, 2 మే

ఈదమ్మ గారికి,

పని మంజూరైంది! మీరు నా కొలువు నిలబెట్టారు. ఈ మేలు మరచిపోలేను. మీ వంటిల్లు తీసుకున్నందుకు, మొదటి నీళ్లు మీ పొలానికే పారాలని రాయించాను. పొలం ఎక్కడుందో తెలుపగలరు.

కృతజ్ఞుడు, రాజారత్నం

తా.క. ఇది ఏ పద్ధతి సర్వే అని ఇంజనీరు గారు అడిగారు. 'వాకిలి పద్ధతి' అన్నాను. శ్రద్ధగా రాసుకున్నారు.

సూర్యాపేట, 20 జూలై

సారుకు ఈదమ్మ దండాలు.

నీళ్లొచ్చినయి. నాకు గుంట భూమి గూడ లేదు సారు. మా వీధి ఆడోళ్లెవ్వరికి లేదు. ఏటా నాట్ల కూలికి నడిగూడెం దాకా పోయి, పిల్లలను ఇడిసి, నెలదినాలు పరాయి కొట్టంల పండుకునేటోళ్లం. ఈ యేడు మా ఊరి కిందనే నాట్లు. పొద్దుగూకంగనే ఇంటికొస్తున్నం. పొయ్యి వాకిట్ల పెట్టుకున్న. నీ కడుపు సల్లగుండ బిడ్డా.

ఈదమ్మ

తా.క. (దేవసహాయం) ఈ ఉత్తరానికి మూడు రోజులు పట్టింది. రెండు మాటలు చెప్పడం, లేచి వెళ్లి నీళ్లు చూసి రావడం.