ఉల్లివాసన పరీక్ష

పరీక్షల అధికారి గారికి సైన్సు టీచరు నమస్కారాలు.

మా పదో తరగతిలో చూపులేని అమ్మాయికి ప్రయోగ పరీక్ష అక్కర్లేదనీ, సగటు మార్కులు వేస్తామనీ మీరు దయతో రాశారు. ఆ మాట చెబితే పిల్ల ముఖం చిన్నబోయింది.

"లిట్మస్ కాగితం రంగు నాకు కనబడదు, సరే. ఏది ఆమ్లమో, ఏది క్షారమో తెలుసుకోవడానికి ఇంకో దారే లేదా టీచర్?" అంది.

ఉంది. తరిగిన ఉల్లిపాయల్లో రాత్రంతా ఉంచిన గుడ్డముక్క మీద పలుచని ఆమ్లం చుక్కలు వేసి కడిగితే ఉల్లివాసన నిలుస్తుంది. కాస్టిక్ సోడా నీళ్ళలాంటి క్షారమైతే వాసన పోతుంది. నిన్న చుక్కలు నేనే వేసి, కడిగి ఇచ్చాను. ఒక్కటి తప్ప అన్నీ సరిగ్గా చెప్పింది. ఆ ఒక్కటీ "పరవాలేదులే" అంటూ వదిలేయబోయాను.

"వద్దు టీచర్. తప్పితే నా మార్కే పోనీండి. ఊరందరి సగటు నాకెందుకు?" అంది.

అందుకే, ఆమెనూ అందరితోపాటే పరీక్షించమని మనవి. ఇంకో మాట కూడా రాయమంది. వచ్చే పరీక్షకులవారు ఆ రోజు దయచేసి సెంటు పూసుకోకుండా రావాలట.

మీ జవాబు కోసం ఆ పిల్లతోపాటు ఎదురుచూస్తూ,
సైన్సు టీచరు