కొత్త మనిషికి ఏ ప్రెస్సు?

విల్లో బెండ్, మోంటానా
జూన్ 6, 1979

చిరంజీవి మరిది మైలోకి,

మీ వదిన ఆర్డిస్ దీవించి రాస్తున్నది. ప్రభువు దయవల్ల నేనూ నా కోళ్ళూ కులాసా. కొండకవతల నువ్వూ, నీ నడుమునొప్పీ కూడా కులాసాగానే ఉన్నారని తలుస్తాను. ఫోను చేద్దామంటే మన లైను మీదే మాటలు వినే ఇళ్ళు ఇంకో నాలుగు ఉన్నాయి. పైగా తుపాకీ మోతలకు నీ కుడి చెవి ఏనాడో పోయింది. నేను మెల్లగా చెప్పేది నీకు వినబడదు, నువ్వు అరిచేది లోయంతా వింటుంది. అందుకని ఉత్తరమే మర్యాద.

విషయం ఇది. ఈసారి ఎల్క్ దుప్పుల వేటకు క్యాంపుకొచ్చేవాళ్ళలో ఒక మనిషి ఇంట్లో తూటాలు తయారుచేసుకోవడం కొత్తగా మొదలుపెట్టాలి. అలాంటివాళ్ళు మొట్టమొదట తూటాలు నొక్కే ప్రెస్సు ఏ రకంది కొనుక్కోవాలి? కేటలాగు తెప్పించాను. ఒకటి సాదా రకం, ఒక్కసారికి ఒక్కటే పని చేస్తుంది. రెండోదానికి నెత్తిమీద తిరిగే చక్రం, దానికి నాలుగు అచ్చులు. మూడోది ఒక్క ఊపులో పూర్తి తూటాను బయటికి తోసేస్తుందట. దాని బొమ్మ చూస్తే పాలు పితికే యంత్రానికీ చర్చి ఆర్గనుకూ పెళ్ళయి పుట్టిన బిడ్డలా ఉంది. మీ అన్న ఇనుప ప్రెస్సు గ్యారేజీలో బల్లకు బిగించి అలాగే ఉంది. కొత్తవాళ్ళకు అది పనికొస్తుందా?

ఇంకో మాట. మీ అన్న వెర్నర్ పోయి నాలుగు నెలలయింది. క్యాంపులో పొయ్యి పక్కనున్న ఆయన మంచం ఖాళీ. సొంత చేత్తో చేసిన తూటాలు తెచ్చినవాళ్ళకే లోపల మంచం, కొన్న తూటాలు తెచ్చినవాడు బయట ట్రక్కులో పడుకోవాలి అని మీ నాన్నగారు పెట్టిన నియమం నాకు తెలుసు. ఆ మంచం ఎవరిదో సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే లోగా తేలుస్తానన్నావు. నాకూ ఒక ఆలోచన ఉంది. తొందరేం లేదు, తర్వాత రాస్తాను.

ఇవాళ బుధవారం. కొత్త పాస్టరు లుండీన్‌గారు భోజనానికి వస్తారు. పాపం, ఒంటరి మనిషి.

నీ క్షేమం కోరే,
వదిన ఆర్డిస్

తా.క.: పోయిన క్రిస్మస్‌కు మీ అన్న పంపిన ఫ్రూట్ కేకు డబ్బా ఇంకా తిరిగి రాలేదు. లోపలిది అయిపోలేదా?


బ్లాక్ కూలీ పశువుల రాంచ్, మోంటానా
జూన్ 13

గౌరవనీయురాలైన ఆర్డిస్ వదినకు,

మైలో నమస్కరించి రాయడం. నా చెవినీ నడుమునూ ఒకే పేరాలో పరామర్శించినందుకు ధన్యుణ్ణి. మోకాలు మిగిలింది, దాన్ని వచ్చే ఉత్తరంలో అడుగుతారనుకుంటాను.

తూటాల గురించి సరైన మనిషినే అడిగారు. ఇరవై ఏళ్ళుగా క్యాంపులో నా తూటాలు చూసి నోరు తెరవనివాడు లేడు. వినండి. కొత్తవాడు మూడో రకం కొనాలి. అన్నిటికన్నా ఖరీదైనది. ఖరీదైన యంత్రానికి అన్నీ తెలిసే ఉంటాయి, కొన్నవాడికి తెలియకపోయినా ఫరవాలేదు. పిడి పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ ఉంటే మాంసం కొట్టే మరలోంచి వచ్చినట్టు తూటాలు వచ్చిపడతాయి. తుపాకీమందు తూచడాలూ గీచడాలూ ఆడవాళ్ళ కేకు పని. నాబోటివాడు అరచేతిలో పోసుకుని చెప్పేస్తాడు.

అన్నయ్య ఇనుప ముక్క మాత్రం ఎవరికీ ఇవ్వకండి. తుప్పు, వంకర. కొత్తవాడి వేలు ఊడబెరుకుతుంది. మీ మీద గౌరవం కొద్దీ నేనే వచ్చి ఆ చెత్త ట్రక్కులో వేసుకుపోతాను. నాకేం పనికిరాదు, మీ గ్యారేజీ శుభ్రపడుతుందని.

మంచం సంగతి తేలిపోయింది. నా నడుముకు పొయ్యి సెగ తగలాలని డాక్టరు చెప్పాడు. మా ఆవులను చూసే డాక్టరే, అయినా డాక్టరే కదా. ఇంతకీ ఎవరా కొత్త మనిషి? పేరు రాయలేదేం?

విధేయుడు,
మైలో

తా.క.: కేకు ఇంకా ఒక వరుస మిగిలింది. అన్నయ్య నాకోసం దాచిన డబ్బాలు గ్యారేజీలో ఏమైనా ఉన్నాయేమో చూడండి. బరువుగా ఉన్నవే నావి. మూత తియ్యకండి, గాలి తగిలితే కేకు పాడవుతుంది.


విల్లో బెండ్
జూన్ 25

చిరంజీవి మైలోకి,

వదిన దీవెనలు. మోకాలు ఎలా ఉంది?

పేరు రాయలేదని అడిగావు. మనవాళ్ళ మర్యాద నీకు తెలియనిదా? మన చర్చి బేస్‌మెంటులో బల్ల ముందు కూర్చున్న ఏ నార్వే బిడ్డయినా ఉప్పు కావాలంటే 'నాకు ఉప్పు కావాలి' అంటుందా? 'ఇక్కడ ఎవరికైనా ఉప్పు అవసరమేమో' అని గోడతో చెబుతుంది. ఎదుటివాళ్ళ లోటు గురించి అయితే అసలు పేరే ఎత్తం. నువ్వు తెలివైనవాడివి, ఈపాటికి గ్రహించే ఉంటావు.

ఆ మనిషి గురించి ఇంకొంచెం చెబుతాను, సలహాకు పనికొస్తుంది. గొంతు పెద్దది. నలుగురి ముందు నిలబడితే ఆపడం కష్టం. ఓపిక తక్కువ. చేతులతో చేసే పని కన్నా మాటలతో చేసే పని ఎక్కువ. అయినా మనసు మంచిదని నా నమ్మకం. అలాంటి మనిషి చేతికి ఒక్క ఊపులో తూటా తోసే యంత్రం ఇవ్వొచ్చా? అరచేతిలో మందు కొలవడం గురించి చదివాక ఆ పూట రెండుసార్లు ప్రార్థన చేశాను. ఒకటి నీ కళ్ళ కోసం, ఒకటి నీ పక్కన నిలబడేవాళ్ళ కోసం.

ఇనుప ప్రెస్సు చెత్త అని నువ్వే అన్నావు కాబట్టి నీ ట్రక్కుకు ఆ శ్రమ ఎందుకని ఆలోచించాను. మా చర్చిలో బైబిలు తరగతి తలుపు గాలికి టపటప కొట్టుకుంటోంది. అడ్డం పెట్టడానికి బరువైనదేదైనా కావాలని ఆడవాళ్ళు అడుగుతున్నారు.

ఇట్లు,
వదిన ఆర్డిస్

తా.క.: గ్యారేజీలో బరువైన డబ్బా ఒకటి ఉంది. నువ్వు చెప్పినట్టే మూత తియ్యలేదు. ఊపి చూశాను. కేకు గలగలమంది.


బ్లాక్ కూలీ
జూలై 2

వదినగారికి,

నమస్కారం. ఆ డబ్బాను ఊపకండి. మీకు పుణ్యం ఉంటుంది. పొయ్యికి దూరంగా పెట్టండి.

తలుపుకు అడ్డమా? ఆ ప్రెస్సునా? రైలు షెడ్డులో మా నాన్న స్నేహితుడు స్వయంగా పోతపోసి ఇచ్చిన ఇనుము అది. చెత్తే, నేను కాదనను. కానీ అది మా వంశపు చెత్త. తలుపుకు ఇటుక పెట్టుకోమనండి.

ఇక ఆ మనిషి. గ్రహించాను వదినా, బాగానే గ్రహించాను. నలుగురి ముందు గొంతు పెంచి ఊదరగొట్టే శాల్తీని గుర్తుపట్టలేనంత గుడ్డివాణ్ణి కాను, చెవి పోతే పోయింది గానీ. అడిగారు కాబట్టి చెబుతున్నా. అతనికి ప్రెస్సు కాదు, ఊదుకునే బూర ఒకటి కొనివ్వండి. ఒకరి ఇంటి తిండి తిని, ఒకరి కష్టం మీద పేరు తెచ్చుకునే రకం. చేత్తో ఒక్క పని చేసినట్టు ఎవరైనా చూశారా? అతను మందు ముట్టుకుంటే ముందు కనుబొమలు పోతాయి, తర్వాత కప్పు పోతుంది. మూడో రకం అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. సాదా రకమే ఇవ్వండి, అదీ చిన్నపిల్లలకు కత్తెర ఇచ్చినట్టు పెద్దవాళ్ళు పక్కన కూర్చుని. ఒక శీతాకాలమంతా గడిస్తే ఏమైనా బుద్ధి వస్తుందేమో.

మైలో

తా.క.: బుధవారం భోజనాల్లో అతనికి రెండోసారి వడ్డించకండి. అలవాటైపోతుంది.


విల్లో బెండ్
జూలై 14

ప్రియమైన మైలోకి,

నీ ఉత్తరం చదివి ఏప్రాన్ అంచుతో కళ్ళు తుడుచుకున్నాను. ఇన్నేళ్ళలో నీ కలం నుంచి ఇంత వినయం వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. 'ఒకరి కష్టం మీద పేరు' అన్నమాట రాయడానికి నీకెంత ధైర్యం కావాలో నాకు తెలుసు. పేరు చెప్పకుండా పాస్టరుగారికి ఆ వాక్యం చదివి వినిపించాను. 'తనను తాను చూసుకోగలిగిన మనిషి ఇప్పటికే సగం దారి వచ్చినట్టు' అన్నారు. బుధవారం భోజనం గురించి మాత్రం నాకు అర్థం కాలేదు. ఆ మనిషి ఏ వారం వచ్చినా మూడుసార్లయినా వడ్డిస్తాను.

పెద్దవాళ్ళు పక్కన కూర్చోవాలన్నావు. నేనూ అదే అనుకున్నాను. మంగళవారం మధ్యాహ్నాలు గ్యారేజీలో ఆ మనిషికి నేనే దగ్గరుండి నేర్పిస్తాను. మేమిద్దరమే ఉంటాం, ఎవరికీ తెలియనివ్వను. సిమెంటు గచ్చు చల్లదనానికి ఇబ్బంది పడకూడదని చిన్న హీటరు కూడా పెట్టించాను.

ఇక నా ఆలోచన. పొయ్యి పక్కన వెర్నర్ మంచం మీద ఈసారి నేను పడుకుంటాను. ఆయన రైఫిలు తుడిచి పెట్టాను. ముప్పై ఏళ్ళు ఆ కొండ గురించి వింటూ శాండ్‌విచ్‌లు కట్టాను, ఒక్క తెల్లవారుజామైనా దాన్ని నా కళ్ళతో చూడాలని ఉంది. ఆ మనిషి కూడా పక్క మంచం మీదే కాబట్టి నాకు భయమేమీ లేదు.

నీ వదిన,
ఆర్డిస్

తా.క.: ఓవెన్‌లో వండే హాట్‌డిష్ కూరలో బంగాళాదుంపలు ఎక్కువ వేస్తే ఆ మనిషికి ఇష్టం. నీకు చెప్పక్కర్లేదనుకో.


బ్లాక్ కూలీ
జూలై 20

వదినా,

నమస్కారాలు, కుశలప్రశ్నలు ఇవాళ లేవు.

అన్నయ్య పోయి ఏడాదైనా కాలేదు. మంగళవారాలు గ్యారేజీలో హీటరా? ఎవరికీ తెలియనివ్వరా? పక్క పక్క మంచాలా? సరే, మర్యాద అక్కడ పెట్టి పేరు నేనే రాస్తున్నాను. పాస్టర్ లుండీన్! ఆయన ప్రసంగానికి మా కుక్క కూడా నిద్రపోతుంది. ఆయన మా అన్న ఇంట్లో తిని, మా అన్న ప్రెస్సు తిప్పి, మా అన్న మంచం మీద పడుకుని మా ఎల్క్‌ను కొడతాడా? పైగా మీరు నేర్పిస్తారట! ఏం నేర్పిస్తారు వదినా, కేకా?

నిన్న క్యాంపు వాళ్ళను నలుగురినీ మా ఇంటికి పిలిచాను. మీ ఉత్తరం చదవలేదు, అంత నీచుణ్ణి కాను. తీర్మానం మాత్రం చేశాం. పొయ్యి పక్క మంచం కావాలన్నవాళ్ళు, ఆడైనా మగైనా, పాస్టరైనా రోములోని పోపైనా, లేబర్ డే నాడు అందరి కళ్ళెదుట సొంత చేత్తో ఒక డబ్బా తూటాలు చేసి చూపించాలి. చెయ్యలేనివాడు నేనైనా సరే, సీజనంతా గిన్నెలు తోమి ట్రక్కులో పడుకోవాలి. 'నేనైనా సరే' అన్నది నేనే చేర్పించాను, గంభీరంగా ఉంటుందని. అందరం సంతకాలు పెట్టాం.

ఇప్పుడు చెప్పమనండి మీ పాస్టరుగారిని!

మైలో స్కోగెన్

తా.క.: గలగలమనే ఆ డబ్బాను వెంటనే పంపండి. చాలా అవసరం.


విల్లో బెండ్
జూలై 27

చిరంజీవి మైలోకి,

వదిన దీవెనలు. ఈ ఉత్తరం కూర్చుని చదువు.

పాస్టరుగారికి మిన్నెసోటాలో పెళ్ళి కుదిరింది. ఆయన దారికి అడ్డం వచ్చిన జింకకు క్షమాపణ చెప్పి కారు పక్కకు తీసే మనిషి. వేటకు రారు.

మొదటి ఉత్తరం నుంచీ నేను అడిగింది నీ గురించే మైలో. నువ్వు గ్రహించావనీ, మన మర్యాద ప్రకారం నిన్ను నువ్వే 'అతను' అని రాసుకుంటున్నావనీ అనుకున్నాను. బూర కొనివ్వమన్నప్పుడు మరీ కఠినంగా ఉన్నావని బాధపడ్డాను కూడా.

కేకు కింద మైనపు కాగితంలో చుట్టి నీకు ఏటా వచ్చే తూటాల సంగతి నాకు తెలియదనుకున్నావు. ఆ కాగితం చుట్టింది నేనే. ఆ తూటాలు చేసిందీ నేనే. మీ అన్నకు చూపు తగ్గి త్రాసు మీది గీతలు ఆనడం మానేశాయి. పెళ్ళయిన పదో ఏట మొదలుపెట్టి ఇప్పటిదాకా మందు ప్రతి గింజా నేనే తూచాను. మీ హాల్లో గోడ మీదున్న ఆ పెద్ద కొమ్ముల తల గురించి నేను ఏమీ అనను, ప్రతి ఏడాదీ ఆ కథ నువ్వు చెబుతుంటే కాఫీ పోస్తూ విన్నట్టే ఇకముందూ వింటాను. ఇదంతా దేవుడికి ఎప్పుడో చెప్పుకున్నాను. క్యాంపుకు చెప్పే అవసరం రాలేదు.

నీ దగ్గర ఒక వరుస తూటాలే మిగిలాయి. వెర్నర్ లేడు. ఈ ఏడు నలుగురిలో నీ పరువు పోతుందేమోనని నా బెంగ. నువ్వే ఒక ప్రెస్సు కొనుక్కుని గుట్టుగా నేర్చుకుంటావని అడిగాను. ఈలోగా నువ్వు వెళ్ళి సంతకం పెట్టి వచ్చావు, గంభీరంగా.

నాకు లేబర్ డే నాడు ఇబ్బంది లేదు. మంచం నాది. నీకు ఇంకా అయిదు మంగళవారాలున్నాయి. నీ సలహాయే పాటిద్దాం: సాదా రకం, పెద్దవాళ్ళు పక్కన. కొత్తది కొననక్కర్లేదు. వంశపు చెత్త బల్లమీదే ఉంది, నూనె కూడా వేశాను. చర్చి తలుపుకు ఇటుక పెట్టాం. ఒక్క మాట ముందే చెబుతున్నా, నలుగురిలో నవ్వులపాలు కాకు. ఆ పిడి తిప్పేది కాదు, కిందకు లాగేది. అరచేతి కొలతను గుమ్మం బయటే వదిలి రా.

హీటరు నీ నడుము కోసమే పెట్టించాను.

ప్రార్థనలతో,
వదిన ఆర్డిస్

తా.క.: నేనేం నేర్పిస్తాను, కేకా అని అడిగావు. అదొక్కటే నాకు చేతకాదు. ఇరవై ఏళ్ళూ ఆ కేకులు చేసింది వెర్నర్. వంటింటి తలుపు గడియ వేసుకుని, నా ఏప్రాన్ కట్టుకుని, త్రాసు లేకుండా అంతా అరచేతిలోనే కొలిచేవాడు. నీ దగ్గర ఇంకా ఒక ముక్క మిగిలి ఉంటే మంగళవారం తీసుకురా. ఇద్దరం చెరిసగం తిందాం.