ఉదయం ఆరింటి ఎర్రగీత

నవంబర్ 4
లైబ్రరీ వాళ్లు వీధికొకటి ఇచ్చిన సెన్సర్ మా ఇంటికొచ్చింది. అరచేయంత తెల్ల డబ్బా. గాలిలో సన్నని ధూళి ఎంతుందో ఫోన్‌కి పంపుతుంది. వెనక బాల్కనీలో, ప్లగ్ ఉన్నచోట తగిలించాను.

నవంబర్ 9
రోజూ ఆరింటికి ఫోన్లో ధూళి గీత ఎర్రబడి నిట్టనిలువుగా లేస్తోంది. ఏడుకల్లా దిగిపోతోంది. వెనకవైపు బేకరీలో కట్టెల పొయ్యి వెలిగించేది ఆరింటికే. గ్రాఫ్‌ని వీధి గ్రూప్‌లో పెట్టాను. నలుగురిలో మాట్లాడాలంటే నాకు భయం, ఇలాగైతే నోరు విప్పక్కర్లేదు కదా.

నవంబర్ 11
అసోసియేషన్ సెక్రటరీగారు వచ్చారు. చూశావా అమ్మాయ్, ఈ పొగ గురించి ఏడాదిగా మొత్తుకుంటుంటే ఒక్కరైనా విన్నారా అన్నారు. పొయ్యి మూయించమని అర్జీ పెడతారట. నా గ్రాఫే సాక్ష్యం. ఆదివారం సంతకాలు.

సాయంత్రం బ్రెడ్ కొనడానికి వెళ్తే, బేకరీ ఆవిడ అది చేతిలో పెట్టి అటు తిరిగిపోయింది. పొయ్యి పోతే ఆవిడకి కొట్టు లేదు.

నవంబర్ 13
నాన్న ఆఫీసు పని మీద రెండు రోజులు ఊరెళ్లారు.

నవంబర్ 14
గీత లేవలేదు. బేకరీ గొట్టం మాత్రం పొగ వదులుతూనే ఉంది.

నవంబర్ 15
ఇవాళా లేవలేదు. అనుమానం వచ్చి బాత్రూమ్‌లో గీజర్ వేసి వేడినీళ్లు వదిలాను. ఆవిరి వెంటిలేటర్లోంచి బాల్కనీలోకి పోయింది. నాలుగు నిమిషాల్లో గీత ఎర్రబడింది. డబ్బాకి ఆవిరికీ ధూళికీ తేడా తెలియదు. నేను తగిలించింది సరిగ్గా వెంటిలేటర్ పక్కన. ఇంట్లో వేడినీళ్ల స్నానం నాన్నదొక్కటే, అదీ ఆరింటికి.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఈ వాక్యం రాసి చాలాసేపు చూశాను.

సాయంత్రం
నాన్న వచ్చారు. అయితే వీధిని పాడుచేస్తోంది నేనన్నమాట అని పడీపడీ నవ్వారు. రేపు అందరి ముందూ చెప్తానంటే అమ్మ నవ్వలేదు. నలుగురిలో నవ్వులపాలవుతావే, ఊరుకో, ఎవరో ఒకరు చెప్తార్లే అంది. ఎవరో అంటే ఎవరమ్మా, అన్నాను.

నవంబర్ 16, ఆదివారం
సంతకాలకి అందరూ అసోసియేషన్ హాల్లో చేరాక లేచి నిలబడ్డాను. కాన్వెంట్ స్కూల్లో సిస్టర్ ముందు పద్యం అప్పజెప్పేటప్పటిలా చేతులు వెనక్కి కట్టుకున్నాను. తప్పు నాది అన్నాను. వినపడట్లేదు తల్లీ అని వెనకనుంచి కేక. మళ్లీ అన్నాను, అరిచినట్టే. వివరం విని హాలంతా నవ్వింది. అర్జీ మీ నాన్న మీద పెట్టమంటావా అన్నారు సెక్రటరీగారు. ఆ తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

 గుండెల మీంచి బండ దిగింది. ఇంటికొచ్చి రెండు ప్లేట్ల అన్నం తిన్నాను.

నవంబర్ 17
బేకరీ ఆవిడే వచ్చింది. అనుమానం ఉంచుకోవద్దు, నా గోడకే తగిలించు, ఏం చూపిస్తే అది చూపిస్తుంది అంది. నేను స్టూలెక్కాను. ఆవిడ పట్టుకుంది.

నవంబర్ 18, ఉదయం 6.20
గీత పసుపు, అంటే ఓ మోస్తరు ధూళే. ఎరుపు కాదు. పొయ్యన్నాక ఆ మాత్రం ఉండదా అంటూ బేకరీ ఆవిడ పిండి చేతులతో నన్ను పట్టుకుని ఊపేసింది. నా కళ్లజోడంతా పిండి. తుడుచుకోలేదు.