చేతికి ఇవ్వని రైఫిలు

కర్నూలు జిల్లా, ఆలూరు తాలూకా, ఎర్రబండ గ్రామ కాపురస్తుడు, సేద్యగాడు, బొజ్జన్న కుమారుడు గిడ్డయ్య అనే నేను, నా యాభై ఎనిమిదో ఏట, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పి రాయించిన వీలునామా. గుండె బలహీనమైందని, ఎక్కువ రోజులు లేవని ఆదోని డాక్టరు చెప్పాడు. విని ఇంటికొచ్చి ఎద్దులకు మేత వేశాను. బుద్ధి స్థిరంగానే ఉంది. అది కాస్త చెడి ఉంటే ఈ ఇరవై నెలలుగా నిద్రయినా పట్టేది.

దీన్ని అమలు జరిపే బాధ్యత నా బావమరిది శేషన్నది. శేషన్న నిదానస్తుడు. ఈ ఒక్క పనిలో నిదానం వద్దు.

1. ఇల్లు, దొడ్డి, బావి కింద నాలుగెకరాలు, ఎద్దుల జత నా భార్య వెంకటేశ్వరమ్మకు. ఆమె తదనంతరం మా కూతురు సుంకమ్మకు. కుట్టు మిషను ఎట్లాగూ నా భార్యదే. మిషను నూనె నెల తిరక్కుండా ఎందుకు అయిపోతుందని ఆమె మూడేళ్లు అడిగింది. ఎలుకలు తాగుతున్నాయన్నాను. తాగింది నా రైఫిలు. శేషన్న ఆమెకు కొత్త సీసా ఒకటి కొనివ్వాలి.

2. నా తమ్ముడు కంబన్నకు, విత్తనాలు వేసే గొర్రు. పదకొండేళ్ల కింద అడిగి తీసుకుపోయాడు, వాడి కొట్టంలోనే ఉంది. అడిగినప్పుడల్లా రేపన్నాడు. ఆ రేపు ఇక రానక్కర్లేదు. అంతకు మించి పుల్ల కూడా లేదు. కింది అంశంలోని భూమి నా స్వార్జితం గనక కోర్టుకెక్కితే వాడి కాళ్లే నొస్తాయి.

3. ఆలూరు బాట పక్కన నేను కొన్న నల్లరేగడి చేను రెండెకరాలు, మా ఊరి చర్చి పేటలో ఉండే రాహేలమ్మకు సర్వహక్కులతో. ఈమె కీర్తిశేషుడు ఏసేపు భార్య. ఎందుకిస్తున్నానో చెప్పకపోతే ఊరు దాన్ని దయ అనుకుంటుంది. దయ కాదు. కాబట్టి చెబుతున్నాను.

మా తాలూకా బళ్లారి నుంచి విడిపోయి కర్నూలులో కలిసిన మరుసటి ఏడు, పంట రక్షణకని కలెక్టరు కచేరీ నుంచి లైసెన్సు తెచ్చుకున్నాను. ఇరవైరెండు నంబరు చిన్న రైఫిలు కొన్నాను. నా బతుకులో అదే మొదటి తుపాకి. డోన్ జంక్షన్‌లో బండి మారేటప్పుడు గోనెపట్టలో చుట్టి, పసిబిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకున్నాను. అప్పుడు శానా సంతోషపడ్డాను. ఆ సంతోషం ఎట్లా ఉండేదో ఇప్పుడు గుర్తు తెచ్చుకుంటే రావడం లేదు.

ఏసేపు యుద్ధకాలంలో మిలిటరీలో తుపాకులు మరమ్మతు చేసే చోట ఐదేళ్లు పనిచేసి వచ్చాడు. ఊళ్లో ఆ విద్య తెలిసినవాడు అతనొక్కడే. నా రైఫిలు చూసి, "దీంతో పందిని కొడితే పంది నవ్వుతాదప్పా, జింకలను బెదిరించుకో" అన్నాడు. దసరాకు దానికి పసుపు కుంకుమ పెట్టి, గొట్టం నిండా ఆముదం పోసి పూజ చేశాను. మట్టి అంటుకుని లోపల జిగురు కట్టింది. ఏసేపు పొద్దంతా కూర్చుని తీశాడు. "పూజ కట్టెకు చేయప్పా, గొట్టానికి గాదు" అన్నాడు. పల్చటి నూనె రెండు చుక్కలు చాలని, గుడ్డను వెనక నుంచే తోయాలని నేర్పాడు. ఈ రకం తూటాకు మందు అంచులో ఉంటుందట, దాన్ని పేల్చే సూది అంచు మీదే కొడుతుందట. ఖాళీ తుపాకి మీట నొక్కి ఆడుకుంటే సూది మొన పోతుందన్నాడు. నేను రోజూ ఆడుకునేవాణ్ణి. ఆ రోజుతో మానేశాను.

అన్నిటికన్నా ముందు నేర్పింది ఒకటుంది. తుపాకి ఇచ్చేటప్పుడు తూటా ఎక్కించే బోల్టు తెరవాలి, లోపల ఖాళీ అని చూపించాలి, చేతిలోంచి చేతికి ఇవ్వాలి, అవతలి మనిషి పట్టుకున్నానని చెప్పేదాకా వదలకూడదు. అది మాత్రం మా ఇద్దరి మధ్య జరగలేదు. అంటు, చర్చి పేటవాళ్లను మేము ముట్టుకోం. చట్టం వద్దంటుందని నాకు తెలుసు. నేను రైఫిలు వాకిలి పక్క బండమీద పెట్టి వెనక్కి జరిగేవాణ్ణి, ఏసేపు వచ్చి ఎత్తుకునేవాడు. తుడిచి మళ్లీ బండమీదే పెట్టేవాడు. మూడేళ్లు అట్లాగే నేర్చుకున్నాను.

పోయిన ఏడు ఫిబ్రవరిలో ఒక పొద్దున చేను నుంచి వచ్చాను. జింకలు కనబడలేదు, తూటా లోపలే ఉండిపోయింది. బోల్టు తెరవలేదు. బండమీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, పెట్టేందుకు చోటు లేదు. తుపాకి తుడవడానికి వచ్చి ఉన్న ఏసేపు రెండు చేతులూ చాచాడు. నేనూ చాచాను. ఆ వేళ్లు నా వేళ్ల దగ్గరికి వచ్చేసరికి వదిలేశాను. చూసేవాళ్లు ఎవరూ లేరు, అయినా వదిలేశాను. కిందపడి పేలింది. ఏసేపు కడుపులో తగిలింది.

ఆదోని ఆసుపత్రికి బండి కట్టించాను. దోవలో, "యెందుకిడిసినావప్పా?" అని అడిగాడు. భయపడ్డాను. నేను వదల్లేదని, అతని చేతిలోంచే జారిందని చెప్పాను. "అట్లనా" అన్నాడు. ఊరు దాటి రెండు మైళ్లయినా పోకముందే ప్రాణం పోయింది. విచారణకొచ్చిన పెద్దమనుషుల ముందు కూడా అదే చెప్పి సంతకం చేశాను. "నా మొగుడు చేతిలోది జార్సే మనిషి గాదు" అని రాహేలమ్మ అందరి ముందూ అంది. ఎవరూ వినలేదు. మిలిటరీ విద్య ఇంతేనా అని రచ్చబండ దగ్గర నవ్వారు. నేను అక్కడే ఉన్నాను.

నిజం ఇది: రైఫిలు ఏసేపు చేతికి చేరనే లేదు. నేను పోయిన మూడో రోజున శేషన్న ఈ అంశాన్ని మొదట రచ్చబండ దగ్గర, తర్వాత చర్చిలో, గట్టిగా చదవాలి. బతికుండగా చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. సిగ్గుగా ఉంది. ఏడుపు మాత్రం రాలేదు, ఇప్పటికీ రాలేదు.

4. రైఫిలు. ప్రతి ఆదివారం ఏసేపు చెప్పినట్టే తుడుస్తున్నాను. చిన్న తుప్పు మచ్చ కూడా లేదు. ఆ పొద్దు తర్వాత ఒక్క తూటా కాల్చలేదు. చట్టప్రకారం ఠాణాలో అప్పగించాల్సిందే. అయితే శేషన్న రాహేలమ్మను అక్కడికి బండిలో తీసుకుపోవాలి. ఠాణా అధికారి ఎదుట బోల్టు తెరవాలి, ఖాళీ అని చూపించాలి, ఆమె చేతికి ఇవ్వాలి. ఆమె పట్టుకున్నానని చెప్పేదాకా వదలకూడదు. తర్వాత దాన్ని ఉంచాలో, కొలిమిలో కరిగించాలో ఆమె చెప్పినట్టు అర్జీ పెట్టాలి. శేషన్నా, నీకు అంటు అడ్డమొస్తే ఈ పని ఒప్పుకోవద్దు, ఇప్పుడే చెప్పు.

దీన్ని రాసింది చర్చి బడి అయ్యవారు ప్రకాశం. పైదంతా రాయడం ముగించి, సంతకం చేయమని అలవాటు కొద్దీ కలాన్ని బండమీద పెట్టి వెనక్కి జరిగాడు. మళ్లీ ఎత్తి నా చేతికి ఇమ్మన్నాను. ఇచ్చాడు. పట్టుకున్నానని చెప్పాను.

తేదీ: 9 నవంబరు 1958, ఎర్రబండ

(సంతకం) గిడ్డయ్య

సాక్షులు:
1. ప్రకాశం, బడి అయ్యవారు
2. ఉరుకుందప్ప, సేద్యగాడు