శ్రమజీవి నగర్ రోడ్డుకు కట్టిన తాడు గురించి

పురపాలక కమిషనర్ గారికి,
భూపాలపల్లి.

అయ్యా,

విషయం: శ్రమజీవి నగర్‌లో ఇంటి నంబర్లు వేయుట, ఉత్తరపు గోడ తొలగించుట, కమాను మీది నా పేరు చెరిపించుట గురించి.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను గనిలో ముప్పై రెండేండ్లు పనిచేసి దిగిపోయిన కార్మికుడను. శ్రమజీవి నగర్ కాలనీ సంఘానికి అధ్యక్షుడను. మొదట నా ఇల్లుతో కలిపి పదకొండు ఇండ్లే ఉండేవి. నేడు రెండు వందల పైచిలుకు గడపలు. ఘనపూర్ వైపు నుండి, గంగారం అడవి తండాల నుండి, గని క్వార్టర్లు ఖాళీ చేసి వచ్చిన వాళ్ళమంతా కలిసి పెంచుకున్న ఊరిది. ఇక్కడి ఇబ్బందులు క్రింద మనవి చేయుచున్నాను. అవి ఎవరి వలన కలిగినవో కూడా దాచకుండా వ్రాయుచున్నాను.

1. మా ఇండ్లకు నంబర్లు లేవు. ఇందులో తమ కార్యాలయం తప్పు ఏమీ లేదు. తమ సిబ్బంది రంగు డబ్బాతో రెండుసార్లు వచ్చారు. ఒకటో నంబరు కాలనీ మొదట్లోని కమాను పక్కనున్న పోశాలు ఇంటికి వేయాలా, ముందుగా ఇల్లు కట్టిన నా ఇంటికి వేయాలా అని మేమిద్దరం రోడ్డు మీద జుట్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. సిబ్బంది రెండుసార్లూ చాయ్ తాగి వెళ్ళిపోయారు. "నంబరు నెత్తిన పెట్టుకొని ఊరేగుతవా?" అని నా భార్య ఓదెమ్మ ఆనాడే తిట్టింది. నేను వినలేదు.

2. ఉత్తరం వైపు ముప్పై అడుగుల దారి ఉండేది. ఇసుక లారీలు వస్తున్నాయని సంఘం తీర్మానం చేసి దానికి అడ్డంగా గోడ కట్టించాము. తీర్మానం కింద మొదటి సంతకం నాది. అప్పటి నుండి కాలనీలోకి రావడానికైనా పోవడానికైనా కమాను దారి ఒక్కటే.

3. ఇంత పెద్ద ఊరయి బొడ్రాయి లేకపోవడం ఏమిటని మొన్న వేసవిలో ఊరి నడుమ బొడ్రాయి నిలబెట్టాము. ఆచారం ప్రకారం బలి నెత్తురు కలిపిన పొలి అన్నం చల్లేవాళ్ళు ఊరి హద్దు చుట్టి వచ్చేవరకు లోపలివాళ్ళు బయటికి పోరాదు, బయటివాళ్ళు లోపలికి రారాదు. అందుకని కమాను దగ్గర రోడ్డుకు అడ్డంగా వేపమండలు గుచ్చిన తాడు కట్టాము. కట్టింది నేనే. గనిలో బొగ్గు టబ్బులకు తాడు బిగించిన చేతులు, ముడి గట్టిగా వేశాను. పొద్దున ఆరున్నర అయింది.

4. ఏడుకు పది నిమిషాల ముందు అంబులెన్సు వచ్చి తాడు ముందర ఆగింది. డ్రైవర్ దిగి, "పెద్దమనిషీ, తాడిప్పు. లోపట ఎవరికో పానం మీదికొచ్చిందట" అన్నాడు.

"ఎవలింట్ల?" అన్నాను.

"పేరు తెల్వదు. నీలం గేటు ఇల్లని చెప్పిన్రు."

"గిక్కడ పదిహేడు నీలం గేట్లున్నయి తమ్మీ. ఏ ఇల్లో తెల్వకుంట యాడికి పోతవ్? జర ఆగు. పొలి తిరిగొచ్చినంక ఇప్పుత. నడిమిట్ల దాటితె ఊరికి అరిష్టం."

అతడు బతిమాలాడు. నలుగురం అతని చుట్టూ నిలబడి ఆచారం గురించి చెప్పాము. ఎక్కువగా చెప్పింది నేను. ఇట్లా ఇరవై ఐదు నిమిషాలు గడిచింది.

5. అప్పుడు మా పక్కింటి జాల్యా భార్య నీలి చెప్పులు లేకుండా ఉరికొచ్చింది. "బాపూ! గా బండి మీ ఇంటికే! అవ్వ పొయ్యి కాడ పడిపోయింది. నీ ఫోన్ ఇంట్లనే మోగుతాంది బాపూ!"

తాడు దగ్గర నిలబడేవాళ్ళ జేబులో ఫోన్ ఉండరాదని నియమం పెట్టింది కూడా నేనే. నీలి పసుపు అడగడానికి వెళ్ళి చూసేసరికి బోనం కుండ పక్కన ఓదెమ్మ గుండె పట్టుకొని పడి ఉందట. అంబులెన్సుకు ఫోన్ చేసింది, నాకు చేసింది. నా ఫోన్ ఓదెమ్మ తల దగ్గరే మోగింది.

ముడి విప్పబోయాను. రాలేదు. పోశాలు కొడవలి తెచ్చి తాడు కోశాడు. నీలి ముందు ఉరుకుతుంటే బండి ఆమె వెనుక పోయింది. దవాఖానలో డాక్టరమ్మ చూసి, "ఎందుకింత లేటయింది?" అని అడిగింది.

6. ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు. నేను తీసిన గోతిలో నా ఇల్లాలు పడింది. అందరూ నన్ను ఓదారుస్తూ, "నీకేం తెలుసు, తెలిస్తే ఇప్పకపోదువా?" అంటున్నారు. అయ్యా, నన్ను నిద్రపోనివ్వనిది ఆ మాటే. తెలిస్తే పళ్ళతో కొరికైనా తెంపేవాణ్ణి. వేరే ఎవరిదో ప్రాణం అనుకున్నాను గనుక ఇరవై ఐదు నిమిషాలు ఆచారం చెప్పాను. ఇది ఏ పోలీసు కాగితంలోనూ ఎక్కలేదు. కనీసం తమ ఫైలులోనైనా ఉండాలని వ్రాస్తున్నాను.

కావున, ఇండ్లకు వెంటనే నంబర్లు వేయించగలరు. ఒకటో నంబరు పోశాలుకు ఇచ్చినా, ఏ పశువుల కొట్టానికి ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు. ఉత్తరపు గోడ కూలగొట్టించగలరు. మొదటి గడ్డపార దెబ్బ నేను వేస్తాను. పండుగకైనా పెండ్లికైనా చావుకైనా ఈ రోడ్డుకు ఎవరూ అడ్డం కట్టరాదని ఉత్తర్వు ఇప్పించగలరు. కమాను మీద పాలరాతిలో "అధ్యక్షులు" అని చెక్కిన నా పేరు తీసివేయించగలరు. దాని కిందనుండే ఆమె పాడెను తీసుకుపోయాము.

నన్ను మన్నించమని అడుగుట లేదు. ఈ నాలుగు మాటలు మాత్రము చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సోమనర్సయ్య
ఇంటి నంబరు: లేదు
శ్రమజీవి నగర్, భూపాలపల్లి.

మరొక్క మాట: ఈ అర్జీతోపాటు ఒక సంచి ఇస్తున్నాను. అందులో ఆ తాడు ఉన్నది, రెండు ముక్కలు. బొడ్రాయి తాడు పారేయరాదంటారు. ఇంట్లో పెట్టుకుంటే నాకు అన్నం పోవడం లేదు. దయచేసి తమ కార్యాలయంలో జమ చేసుకోండి సారూ. పోశాలు తాడునే కోశాడు, ముడి అట్లాగే ఉంది. రోజూ కూర్చొని విప్పుతున్నాను, నాతో కావడం లేదు. తమ దగ్గర ఎవరికైనా వస్తే జర విప్పి చూడమనండి.